పాత 1/48 కాన్వెయిర్ ఎక్స్‌ఎఫ్‌వై-1 పోగో కిట్: తోక మీద నిటారుగా నిలబెట్టడం ఎలా?

గగనవిహారి
1950ల అచ్చు నుంచి వచ్చిన 1/48 (అసలు సైజులో 48వ వంతు) పోగో కిట్ బల్ల మీద ఉంది. పోగో అంటే తోక మీద నిలబడి, నిలువుగా లేచి దిగే అమెరికా నేవీ ప్రయోగాత్మక విమానం. ముక్కలన్నీ ఉన్నాయి, విరిగినవి లేవు. కాకపోతే పాత కిట్లకుండే జబ్బులన్నీ దీనికీ ఉన్నాయి: ఉబ్బెత్తు రివెట్లు, మొద్దుగా ఉన్న రెక్క వెనక అంచులు, పచ్చబడిన డెకల్స్ (నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తులు). కాక్‌పిట్ అంటే ఒక చిన్న అరుగు, దాని మీద పైలట్ బొమ్మ, అంతే. అదనపు రెసిన్ సెట్లు కొనే ఉద్దేశం లేదు. ప్లాస్టిక్ షీటు, ఇత్తడి కడ్డీలతో చేసుకుంటాను. నాలుగు చక్రాల మీద నిటారుగా నిలబడాలి, వెండి రంగు రావాలి. ఏ పని ముందు, ఏది తర్వాత? ఎక్కడెక్కడ చెడుతుంది?

నీలిముద్ర
జిగురు సీసా మూత తీయకముందే ఒకటి తేల్చుకోండి: ఏ రోజు నాటి పోగో చేస్తున్నారు? ప్రయోగాత్మక విమానాలతో వచ్చే చిక్కే ఇది. మూడింటికి ఆర్డర్ ఇచ్చినా ఎగిరింది ఒక్కటే, నేవీ నంబర్ 138649. ఆ ఒక్కదాని రూపం కూడా పరీక్షను బట్టి మారింది.

1954 ఏప్రిల్‌లో మోఫెట్ ఫీల్డ్‌లోని ఎయిర్‌షిప్ హ్యాంగర్ లోపల కేబుల్‌కి వేలాడదీసి పరీక్షించినప్పుడు ముక్కు మీద స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యనుండే టోపీ) లేదు, కేబుల్‌ని అక్కడే తగిలించారు. ఆగస్టులో ఆరుబయట నిలువుగా లేచింది. నవంబర్ 2న టెస్ట్ పైలట్ స్కీట్స్ కోల్‌మన్ నిలువుగా లేపి, అడ్డంగా తిప్పి ఎగిరించి, మళ్ళీ తోక మీద దింపాడు. హ్యాంగర్ రూపం చేస్తే స్పిన్నర్ పెట్టకూడదు, దాని లోపలి హబ్ (బ్లేడ్లు బిగించే మధ్యభాగం) మీరే చేసుకోవాలి. ఆరుబయటి రూపం చేస్తే స్పిన్నర్ ఉంటుంది కానీ కేబుల్, తాళ్ళు ఉండవు. రెండూ కలిపేస్తే ఏ రోజుకీ చెందని విమానం తయారవుతుంది.

కొలతలు కూడా ఇప్పుడే చూసుకోండి. రెక్కల వెడల్పు 8.43 మీటర్లు, అంటే 1/48లో 175.6 మి.మీ. పొడవు 10.66 మీటర్లు, అంటే 222 మి.మీ. ప్రొపెల్లర్ వ్యాసం 4.88 మీటర్లు, అంటే దాదాపు 101.7 మి.మీ. ఆ రోజుల్లో పెట్టె మీద ఒక స్కేలు వేసి లోపల ఇంకో స్కేలు పెట్టడం మామూలే. వెర్నియర్ పట్టుకుని ఈ మూడూ కొలిచి ఇక్కడ పెట్టండి.

గగనవిహారి
రెక్కలు 174, పొడవు 220, ప్రొపెల్లర్ 98. ఆరుబయటి రూపమే చేస్తాను, స్పిన్నర్‌తో.

నీలిముద్ర
రెక్కలూ పొడవూ బాగానే ఉన్నాయి, వాటి జోలికి వెళ్ళొద్దు. ప్రొపెల్లర్‌లో మూడున్నర మి.మీ. తేడా మాత్రం కంటికి తెలుస్తుంది, ఎందుకంటే నిలబెట్టాక చూపు ముందు పడేది దాని మీదే. దాని సంగతి తర్వాత చూద్దాం.

ఉప్పుకాగితం
మొదటి పని కడగడం. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, మెత్తటి బ్రష్‌తో ముక్కలు అతుక్కుని ఉన్న ఫ్రేములన్నీ రుద్దండి. అచ్చులోంచి ముక్క ఊడిరావడానికి పూసిన నూనె ఏళ్ళు గడిచినా పోదు. రంగు పొరలుగా లేచిపోయిందంటే సగం సార్లు కారణం ఇదే. నీళ్ళు మరీ వేడిగా ఉంటే పల్చటి రెక్క వంగిపోతుంది, జాగ్రత్త.

ముక్కల్ని ఫ్రేమ్ నుంచి మెలితిప్పి విరవొద్దు. పాత స్టైరీన్ (కిట్ ప్లాస్టిక్) పెళుసుబారి ఉంటుంది, విరిగేటప్పుడు ముక్కలోంచి ఒక గుంటను కూడా పట్టుకుపోతుంది. కటర్‌తో ముక్కకి మూడు మి.మీ. దూరంలో ఒకసారి కోసి, మిగిలిన మొండిని రెండోసారి కోయండి.

ఫ్యూజలాజ్ (విమానం మొండెం) సగాలు. జిగురు లేకుండా కలిపి, రబ్బరు బ్యాండ్ వేసి, వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. ఆ కాలపు పిన్నులూ రంధ్రాలూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురుపడవు. ఒక పక్క అంచు కలిస్తే రెండో పక్క మెట్టు వస్తుంది. అలా ఉంటే పిన్నులన్నీ కోసేయండి. అర మి.మీ. షీటుని 5 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోసి, ఒకటి ఎడమ సగం లోపలి అంచుకి, తర్వాతది కుడి సగానికి, ఇలా మార్చి మార్చి అంటించండి. సగం పట్టీ బయటికి పొడుచుకొచ్చి రెండో సగాన్ని సరైన చోట పట్టుకుంటుంది.

పల్చటి జిగురు, టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటిది, అతుకు మీద కుంచె కొనతో తాకిస్తే తనే లోపలికి పాకుతుంది. ఒకేసారి మొత్తం పొడవుకి పూయకండి. మూడు సెంటీమీటర్లు పూసి, పది సెకన్లు ఆగి, గట్టిగా నొక్కండి. కరిగిన ప్లాస్టిక్ సన్నటి కట్టలా పైకి ఉబకాలి. అది ఉబకలేదంటే అక్కడ అతుకు లోపల ఖాళీ ఉన్నట్టే. ఆ తర్వాత వారం రోజులు దాన్ని ముట్టుకోవద్దు.

రెక్కలరాణి
వారమా! అన్నా, ఒక రోజు చాలదా? ఎండినట్టే ఉంటుంది కదా.

ఉప్పుకాగితం
పైకి ఎండినట్టే ఉంటుందమ్మా. లోపల కరిగిన ప్లాస్టిక్‌లోంచి ద్రావకం మెల్లగా ఆవిరవుతూ ఉంటుంది, అది పోయిన మేరకు అతుకు కుంగుతుంది. ఒక రోజుకే చెక్కేసి నునుపు చేస్తే, పది రోజుల తర్వాత రంగు కింద సన్నటి గీత మళ్ళీ తేలుతుంది. మామూలు ఆకుపచ్చ, బూడిద రంగులైతే ఎవరికీ కనబడదు. ఇది వెండి రంగు, దాచుకోవడానికి వీల్లేదు. ట్యూబు పుట్టీ కూడా ఇలాగే కుంగుతుంది, అందుకే ఈ మోడల్‌లో వాడొద్దంటాను. గుంటలకి సైనో జిగురు (సూపర్ గ్లూ) వేసి, దాన్ని వెంటనే గట్టిపరిచే యాక్సిలరేటర్ తాకించి, గంటలోపే రుద్దేయండి. సైనో కుంగదు. కానీ మర్నాటికి వదిలేస్తే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది, అప్పుడు రుద్దితే ప్లాస్టిక్ అరిగిపోయి సైనో గుట్టలా మిగులుతుంది.

ఉప్పుకాగితం వరస 400, 600, 800, 1000, నీళ్ళతో. ఒక నంబర్ దాటేసి వెళ్ళొద్దు. వెండి పొర కింద 400 గీతలు అలాగే బయటపడతాయి.

కుంచెపట్టు
దీనికి ముందు చేయాల్సిన పని ఒకటి మర్చిపోయారు. ఫ్యూజలాజ్ మూసేస్తే కాక్‌పిట్ చేయలేరు, పక్కనున్న గాలి నోళ్ళు మూయలేరు, తోకలో బరువు పెట్టలేరు.

గాలి నోళ్ళు: ఒకవైపు నుంచి చూస్తే ఖాళీ ఫ్యూజలాజ్ లోపలంతా కనబడుతుంటే, నోటి నుంచి 12-15 మి.మీ. లోపల అర మి.మీ. షీటుతో అడ్డుగోడ పెట్టి మెరుపు లేని నలుపు కొట్టండి. అంతకంటే కష్టపడక్కర్లేదు.

కాక్‌పిట్‌లో మాత్రం పోగోకే ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. విమానం నిటారుగా ఉంటే పైలట్ వెల్లకిలా పడుకున్నట్టే. అందుకని నిలువుగా ఉన్నప్పుడు సీటు 45 డిగ్రీలు ముందుకి వంగేలా కట్టారు. కిట్‌లో సీటుని ఫ్యూజలాజ్‌కి మామూలు పద్ధతిలో పెట్టమంటారు, అది అడ్డంగా ఎగిరే భంగిమ. మీరు తోక మీద నిలబెడుతున్నారు కాబట్టి సీటు వంగి ఉండాలి. అరుగు కోసేసి, అర మి.మీ. షీటుతో నేల, పావు మి.మీ. షీటుతో పక్క ప్యానెళ్ళు చేయండి. సీటు రెండు పక్కలా సన్నటి పట్టాలు పెట్టి, సీటుని 45 డిగ్రీల మూలమట్టానికి ఆనించి అంటించండి. అంటించే ముందు కెనోపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) పెట్టి చూడండి, వంచాక సీటు తలభాగం పైకొస్తుంది. తగిలితే సీటు అడుగు ఒక మి.మీ. కోయాలి. బెల్టులకి టామియా మాస్కింగ్ టేపు ఒక మి.మీ. పట్టీలు చాలు.

నీలిముద్ర
సీటు విషయం బాగా గుర్తుచేశారు. పాత కిట్లు కట్టి నిలబెట్టిన పోగోల్లో ఎక్కువ వాటిలో పైలట్ ఆకాశం చూస్తూ పడుకుని ఉంటాడు. దింపేటప్పుడు పైలట్ భుజం మీదుగా వెనక్కి తిరిగి నేలని చూసుకోవాలి, విమానానికి అసలు కష్టం వచ్చింది అక్కడే. తల ఎడమకో కుడికో తిరిగి ఉన్న బొమ్మ పెడితే అబద్ధం కాదు.

రసమట్టం
ఇప్పుడు నిలబెట్టే పని. నాలుగు చక్రాలు, రెండు రెక్క కొనలకి, రెండు నిలువు రెక్కల కొనలకి. మూడు కాళ్ళ పీట ఎక్కడ పెట్టినా కదలదు, నాలుగో కాలు వచ్చిందంటే లెక్క తప్పక కుదరాలి. ఒక కాలు అర మి.మీ. పొట్టిదైనా మోడల్ ఊగుతుంది.

ముందు బరువు. ముక్కు చక్రం ఉన్న మామూలు జెట్ అయితే వెనక్కి పడకుండా ముక్కులో బరువు పెడతాం. ఇక్కడ అంతా తలకిందులు. స్పిన్నర్, రెండు ప్రొపెల్లర్లు, ఇత్తడి షాఫ్ట్ అన్నీ 20 సెం.మీ. ఎత్తులో ఉంటాయి. బరువు తోక చివర, ఎగ్జాస్ట్‌కి కాస్త పైన పడాలి. 20 నుంచి 30 గ్రాముల ఉక్కు నట్లు చాలు. సీసం గుళ్ళు మాత్రం తెల్ల జిగురులో పోయొద్దు. సీసం మెల్లగా తుప్పుపట్టి ఉబ్బుతుంది, కొన్నేళ్ళకి ఫ్యూజలాజ్ అతుకు లోపల్నుంచే పగులుతుంది. సీసమే ఉంటే ఎపాక్సీలో (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) పెట్టండి.

కిట్ ఇచ్చిన చక్రపు కాళ్ళు వాడొద్దు. సన్నటి స్టైరీన్ మీద ఎప్పుడూ బరువుంటే నెలల్లో వంగుతుంది. ఒక మి.మీ. ఇత్తడి కడ్డీ తీసుకోండి. ప్రతి కొనలో 1.5 మి.మీ. డ్రిల్‌తో కనీసం 8 మి.మీ. లోతు రంధ్రం. అవును, కావాలనే వదులుగా.

నిలువు రెక్కలు, డెల్టా (త్రికోణపు) రెక్కలు సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండాలి. మందపాటి ఫోమ్ బోర్డులో కూడిక గుర్తు ఆకారంలో సందు కోసి, విమానాన్ని తోకవైపు నుంచి అందులోకి దింపి, నాలుగు రెక్కల జిగురూ అందులోనే ఎండనివ్వండి.

తర్వాత అసలు ఉపాయం. అద్దం పలక ఒకటి బల్ల మీద పెట్టి రసమట్టంతో రెండు దిక్కులా సరిచూడండి. విమానాన్ని అద్దానికి ఎగువన, కాళ్ళు తాకకుండా పట్టి ఉంచే కట్టడం ఒకటి కావాలి, పుస్తకాల దొంతర్లూ రెండు బట్టల క్లిప్పులూ చాలు. ఫ్యూజలాజ్ పక్కనే దారానికి నట్టు కట్టి వేలాడదీయండి. ముందునుంచీ పక్కనుంచీ చూస్తే అతుకు గీత దారంతో సమాంతరంగా ఉండాలి. ఇది కుదిరాక నాలుగు రంధ్రాల్లో అరగంట ఎపాక్సీ పెట్టి, కడ్డీలు దూర్చి, నాలుగు చక్రాలూ అద్దాన్ని తాకేదాకా కిందికి జారనివ్వండి. రంధ్రం వదులుగా ఉంది కాబట్టి ప్రతి కడ్డీ తన ఎత్తు తనే వెతుక్కుంటుంది. రాత్రంతా వదిలేయండి. ఐదు నిమిషాల ఎపాక్సీ వాడొద్దు, నాలుగోది సర్దేలోపే మొదటిది గట్టిపడుతుంది.

గగనవిహారి
రసమట్టం గారూ, ఒక అనుమానం. ఇలా కాళ్ళు అంటించాక రంగు వేసేటప్పుడు అడ్డం రావా? నాలుగు కొనల్లో ఇత్తడి పొడుచుకుని ఉంటే ఉప్పుకాగితం రుద్దడం కష్టం.

రసమట్టం
కాళ్ళు చివర్లో పెట్టండి, రంగు అయ్యాక. రంధ్రాలు మాత్రం ఇప్పుడే వేసి, అందులో టూత్‌పిక్‌లు గుచ్చండి. రంగు లోపలికి పోదు, పైగా ఎయిర్‌బ్రష్ వేసేటప్పుడు పట్టుకోవడానికి పిడి దొరుకుతుంది.

రెక్కలరాణి
రివెట్ల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఉంచాలా, తీసేయాలా?

ఉప్పుకాగితం
తీసేయాలి. 0.3 మి.మీ. రివెట్ అసలు విమానం మీద 14 మి.మీ. బొడిపె అవుతుంది. అంత ఎత్తు రివెట్‌తో ఏ యుద్ధవిమానమూ ఎగరలేదు.

కుంచెపట్టు
నేను ఒప్పుకోను. పాత కిట్ అందం ఆ రివెట్లలోనే ఉంది. అవి తీసేస్తే కొత్త కిట్ కొనుక్కున్నట్టే కదా, ఇంత కష్టం దేనికి?

ఉప్పుకాగితం
అందం సరే, వెండి రంగు వేస్తానంటున్నారుగా. అతుకు దగ్గర రుద్దినప్పుడు పక్కనున్న రెండు వరసలు ఎలాగూ పోతాయి. మిగతావి ఉంటే అతుకు పక్కన బోడి పట్టీ మిగిలిపోతుంది. ఉంచితే అన్నీ ఉంచాలి, అది సాధ్యం కాదు.

నీలిముద్ర
మధ్యే మార్గం ఒకటుంది. 600 నంబరుతో నీళ్ళు పోసి మొత్తం మీద సమానంగా రుద్దుతూ పోండి, రివెట్లు సగానికి తగ్గి ఒక వరసగా మాత్రమే కనబడే దగ్గర ఆపండి. అతుకు దగ్గర పోయిన చోట గుచ్చి తీసిన సన్నటి చుక్కలు సరిపోతాయి. ప్యానెల్ గీతలు మాత్రం కొత్తగా గీయాల్సిందే. గట్టి ప్లాస్టిక్ లేబుల్ టేపు అంచుగా పెట్టి, గీతలు గీసే స్క్రైబర్‌ని వేలి బరువుతో నాలుగైదు సార్లు లాగండి. ఒకేసారి గట్టిగా లాగితే దారి తప్పుతుంది.

ఒక మినహాయింపు ఉంది. కింది నిలువు రెక్క అత్యవసరంలో వదిలించుకుని పొట్ట మీద దిగేలా కట్టారు. అది ఫ్యూజలాజ్‌తో కలిసే చోటి అతుకుని పూర్తిగా నునుపు చేయక్కర్లేదు, సన్నగా కనబడనివ్వండి.

ఉప్పుకాగితం
రెక్క వెనక అంచు: పై, కింది సగాలు అంటించకముందే లోపలివైపు అరగదీయాలి. అద్దం మీద 240 కాగితం అంటించి, సగాన్ని బోర్లా పెట్టి, వెనక అంచు మీదే వేళ్ళ ఒత్తిడి ఉంచి గుండ్రంగా తిప్పండి. ఒక్కో సగం 0.2 మి.మీ.కి దిగితే కలిపాక 0.4 అవుతుంది. బయటి వైపు అరగదీస్తే రెక్క ఆకారమే మారిపోతుంది.

పంకాపిల్లాడు
ప్రొపెల్లర్ల విషయం నాకు వదిలేయండి.

రెండు సెట్లు, ఒక్కోదానికి మూడు బ్లేడ్లు, ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. అంటే రెండు సెట్ల మెలిక ఒకదానికొకటి అద్దంలో బింబంలా ఉండాలి. పాత అచ్చుల్లో ముక్కల నంబర్లు కనబడక ముందుది వెనక, వెనకది ముందు పెట్టేస్తారు. దానివల్ల రూపం చెడదు కానీ హబ్‌లో కూర్చోదు. అసలు ప్రమాదం వేరు: బ్లేడ్‌ని తలకిందులుగా తిప్పి పెట్టడం. గుండ్రంగా, మందంగా ఉన్న అంచు తిరిగే దిశలో ముందుండాలి. రెండు సెట్లూ చేతిలో పట్టుకుని, ఒక్కోటి దాని దిశలో తిరుగుతున్నట్టు ఊహించి, రెండూ గాలిని తోకవైపే తోస్తున్నాయో లేదో చూడండి. ఒకటి ముందుకి తోస్తుంటే తప్పు పెట్టారన్నమాట.

98 మి.మీ.ని 101.7 చేయాలంటే కొనకి ముక్క అతికించొద్దు, కొనలోని అతుకు ఎప్పుడూ బయటపడుతుంది. బ్లేడ్ మొదలు దగ్గర కోసి 0.8 మి.మీ. ఇత్తడి కడ్డీ దూర్చండి, ప్రతి బ్లేడూ హబ్ నుంచి 1.8 మి.మీ. జరుగుతుంది. సందుని సైనోతో నింపి గుండ్రంగా రుద్దితే మొదలు కొంచెం పొడుగ్గా కనబడుతుంది, అంతే. కాగితం మీద వృత్తం గీసి 120 డిగ్రీలకి మూడు గీతలు వేసుకుని, దాని మీద పెట్టి అంటించండి. మెలిక కోణానికి మూడింటికీ ఒకే అట్టముక్క ఆనింపు వాడండి, కంటి అంచనా పనికిరాదు.

షాఫ్ట్‌కి ఒకదానిలో ఒకటి దూరే రెండు ఇత్తడి గొట్టాలు తీసుకోండి. బయటి గొట్టానికి వెనక సెట్, లోపలి గొట్టానికి ముందు సెట్. మధ్యలో అర మి.మీ. వాషర్. చివర్లో ఒక చుక్క నూనె.

రెక్కలరాణి
డెకల్స్ ముట్టుకుంటే పొడైపోయేలా ఉన్నాయి. అవి బాగుపడతాయా?

కుంచెపట్టు
పసుపు పోగొట్టొచ్చు. షీటుని జిప్ కవర్‌లో పెట్టి, ఎండ తగిలే కిటికీ అద్దానికి బొమ్మవైపు బయటికి ఉండేలా అంటించండి. రోజూ చూస్తూ ఉండండి. పెళుసుదనం వేరే సంగతి. అక్కర్లేని చిన్న గుర్తు ఒకటి కోసి నీళ్ళలో వేయండి. ముక్కలైతే మిగతా షీటు మొత్తానికి మైక్రోస్కేల్ లిక్విడ్ డెకల్ ఫిల్మ్ ఒక పొర పూయండి. అది ఎండాక షీటంతా ఒకే పొర అవుతుంది, అందుకని ఒక్కో గుర్తునీ అంచుల దగ్గరగా కత్తిరించాలి.

నక్షత్రం గుర్తు కొత్తగా వేసుకోవడమే మేలు. 1947 జనవరి నుంచి అమెరికా గుర్తులో పక్క పట్టీల మధ్య ఎర్ర గీత వచ్చింది. పోగో 1954 నాటిది కాబట్టి ఎర్ర గీత ఉండాలి. మిగిలిపోయిన డెకల్స్ డబ్బాలోంచి రెండో ప్రపంచ యుద్ధం నాటి గుర్తు తీసి పెట్టొద్దు.

వెండి రంగు: ముందు ప్లాస్టిక్ ఫ్రేమ్ ముక్క మీద లాకర్ ప్రైమర్ కొట్టి చూడండి, కొన్ని పాత ప్లాస్టిక్‌లు లాకర్‌కి సన్నగా పగుళ్ళు చూపిస్తాయి. పగుళ్ళు వస్తే మొదటి రెండు పొరలు దూరం నుంచి పొడిపొడిగా కొట్టాలి. మిస్టర్ సర్ఫేసర్ 1500 ప్రైమర్, దాని మీద మెరిసే నలుపు, రెండు రోజులు ఆరాక 4000 మైక్రోమెష్‌తో (అతి సన్నటి పాలిషింగ్ గుడ్డ) తడిగా రుద్దాలి. ఆ పైన ఆల్‌క్లాడ్ అల్యూమినియం రంగు, 12-15 పీఎస్‌ఐ గాలి ఒత్తిడితో, నాజిల్ అయిదారు సెం.మీ. దూరంలో. పల్చగా మూడు నాలుగు పొరలు. నలుపు పూర్తిగా మూసుకుపోయేదాకా కొడితే మెరుపు పోయి బూడిద రంగు అవుతుంది. రెండు మూడు ప్యానెళ్ళకి మాత్రమే ఛాయ మార్చండి, గళ్ళ దుప్పటి చేయొద్దు. లాకర్ కొట్టేటప్పుడు ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ తప్పనిసరి, బట్ట మాస్క్ దేనికీ ఆగదు.

గగనవిహారి
కెనోపీ గీతలు పడి, మందంగా ఉంది. పాలిష్ చేస్తే చాలా?

పంకాపిల్లాడు
గీతలు 2000 నుంచి మొదలుపెట్టి మైక్రోమెష్‌తో పోతాయి. మందం పోదు, లోపలి సీటు వంకరగా కనబడుతుంది. అంత కష్టపడి సీటు వంచారు కాబట్టి, కిట్ కెనోపీని ఎపాక్సీ పుట్టీతో నింపి, పిడికి బిగించి, వేడిచేసిన పల్చటి పెట్‌జీ (పారదర్శక ప్లాస్టిక్) షీటు దాని మీదికి లాగి కొత్తది తీయండి. నింపకుండా లాగితే వేడికి అచ్చే కుంగుతుంది. అంటించడానికి తెల్ల జిగురు మాత్రమే. సైనో ఆవిరి కెనోపీ లోపల తెల్లటి పొగలా పట్టేస్తుంది.

గగనవిహారి
అర్థమైంది. వరస ఇలా పెట్టుకున్నాను: కడగడం, వెనక అంచులు అరగదీయడం, కాక్‌పిట్, గాలి నోళ్ళు, తోకలో 25 గ్రాములు, ఫ్యూజలాజ్ మూయడం, వారం ఆగడం, ఫోమ్ బోర్డులో రెక్కలు, రంధ్రాలు, రివెట్లు, గీతలు, రంగు, డెకల్స్, అద్దం మీద కాళ్ళు, చివరికి ప్రొపెల్లర్లు.

రసమట్టం
ఒక్క మార్పు. కాళ్ళు అంటించే ముందే ప్రొపెల్లర్లూ స్పిన్నరూ తాత్కాలికంగా తగిలించి, విమానాన్ని అద్దం మీద చేత్తో పట్టి పది డిగ్రీలు ఒరగనిచ్చి చూడండి. తనే వెనక్కి వస్తే 25 గ్రాములు సరిపోయినట్టు. నిలువు రెక్కల వైపు కూడా ఒరగనిచ్చి చూడాలి, ఆ వైపు చక్రాల మధ్య దూరం రెక్కల వైపు కంటే తక్కువ. బరువు చాలకపోతే ఎగ్జాస్ట్ గొట్టంలోంచి ఇంకో రెండు నట్లు దూర్చే దారి ఉంచుకోండి. అంటే ఎగ్జాస్ట్ ముక్కని ఇప్పుడే అంటించకండి.